తిట్టినవాళ్ళ ఓటు

ఆ ఎన్నికల్లో మాకు పోయినవి ఇవి: ఒక మైకు, రెండు గొడుగులు, నా ఎడమకాలి చెప్పు, పిచ్చయ్య గారి గొంతు, చివరికి వార్డు. ఈ ఉదయం మా వీధిలోకి ప్రచారం ఆటో వచ్చి మైకు కీచుమనేసరికి అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

పిచ్చయ్య గారికి జగ్గయ్యపేటలో లారీ టైర్ల కొట్టు ఉండేది. ఏడో తరగతితో బడి మానేసిన నేను అందులో పనికి కుదిరాను. కూడికలు నా అంతట నేనే నేర్చుకున్నాను, మనుషుల లెక్క ఆయన నేర్పారు. నలభై అయిదేళ్ళొచ్చినా ఆయనకు పెళ్ళి కాలేదు. కౌన్సిలర్‌గా రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడారు. ఈ మూడోదే ఆఖరి టికెట్ అని పార్టీవాళ్ళు ముందే చెప్పేశారు.

ఇంటింటికీ తిరిగేటప్పుడు, "మా ఓట్లన్నీ మీకే" అన్న ఇంటికి నేను నాలుగు ఓట్లు రాసుకుంటే, గుమ్మం దిగగానే ఆయన వాటిని కొట్టేయించేవారు.

"నవ్వి పంపేవాళ్ళు అందర్నీ నవ్వే పంపుతారు మస్తానూ. కాలవ సంగతి ఎత్తి తిట్టినవాళ్ళని రాసుకో. గెలవడనుకున్నవాణ్ణి ఎవరూ తిట్టరు."

అవతలి పార్టీ అభ్యర్థి రాజ్యలక్ష్మి గారు. పుట్టిల్లు నందిగామ. మా వీధిలోనే కుట్టుమిషన్ల కొట్టు నడుపుతూ ఒంటరిగా ఉండేవారు. ఏ గుమ్మాన్నీ వదలకూడదని పిచ్చయ్య గారి నియమం కాబట్టి ఆమె ఇంటికీ వెళ్ళాం. మిగతా ఇళ్ళకు ఒక్కసారే వెళ్ళాం. ఒకే ఒక్క ఓటున్న ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాం. నాకు లెక్క అర్థం కావడానికి అంతే పట్టింది.

వెళ్ళిన ప్రతిసారీ ఆమె తిట్టేవారు. పొద్దున్నే మైకు పెడితే జనం నిద్రపోవద్దా అనేవారు. మూడోసారి ఆయన చొక్కా మీద పడ్డారు.

"రెండు బొత్తాలు లేవు. దీంతో కౌన్సిల్లో కూర్చుంటారా? విప్పి ఇచ్చి వెళ్ళండి."

ఆ సాయంత్రం ఆయన బనీను మీద పార్టీ కండువా కప్పుకుని మిగతా ఇళ్ళు తిరిగారు. నిరాడంబరుడని జనం మెచ్చుకున్నారు.

చొక్కా తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు పిచ్చయ్య గారు, "నా ఓటు మీకేస్తానండి. మీది నాకెయ్యండి," అన్నారు. ఆమె దారం పంటితో కొరికి, సరేలెండి అన్నారు.

"ఆవిడ వెయ్యకపోతే మునిగిపోతామండీ," అన్నాను బయటికొచ్చి.

"తిట్టింది కదరా. రాసుకో."

రాసుకున్నాను. ఒక్క ఓటుతో ఓడిపోయాం. ఆమె మాట నిలబెట్టుకుని ఉంటే అటు ఒకటి తగ్గి, ఇటు ఒకటి పెరిగి, మేమే ఒక్క ఓటుతో గెలిచేవాళ్ళం.

ఊరేగింపు వదిలేసి, మెడలో దండతోనే ఆమె మా కొట్టుకొచ్చి ఒక టైరు మీద కూలబడ్డారు. "మీకు వెయ్యాలనే వెళ్ళానండి. ముద్ర చేతిలోకి తీసుకునేసరికి చెయ్యి నా గుర్తు మీదకే పోయింది."

ప్రచారంలో పోయిన గొంతు పిచ్చయ్య గారికి ఇంకా తిరిగి రాలేదు. బొంగురుగానే, "నేను మాత్రం మీకే వేశా," అన్నారు.

మూడు నెలలకు వేదాద్రి నరసింహస్వామి గుళ్ళో పెళ్ళి జరిగింది. రెండు పార్టీలవాళ్ళూ వచ్చి వేర్వేరు పంక్తుల్లో భోంచేశారు.

తర్వాతి ఎన్నికలప్పుడు ఆమె తన పార్టీవాళ్ళతో పోట్లాడి ఆయనకు టికెట్ ఇవ్వడానికి ఒప్పించారు. ఈసారి నిలబడండి, బాకీ తీర్చేస్తానన్నారు. ఆయన ససేమిరా అన్నారు. కారణం నాతో చెప్పారు.

"బాకీ ఉన్నన్నాళ్ళూ నా టీలో పంచదార తగ్గదురా."

పోయినేడాది పిచ్చయ్య గారు కన్నుమూశారు. ఇవాళ వచ్చిన ఆటో రాజ్యలక్ష్మి గారిదే, మళ్ళీ నిలబడ్డారు. మా గుమ్మంలోకి రాగానే కాలవ సంగతి ఎత్తి బాగా తిట్టాను. ఆమె వింటూ వింటూ నవ్వేశారు. వెళ్తూ వెళ్తూ చీర కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "ఆయనకి పడ్డ ఆ ఓటు బాకీ అలాగే ఉండిపోయింది మస్తానూ," అన్నారు.

ఎటు నుంచి కూడినా అంతే వస్తోంది. ఒకటి.