అరచెయ్యి చాపిన కాక

గోదావరిఖనిలో, బొగ్గుగని అడుగున నీళ్లు తోడే పంపు నడిపేవాడు కాక. తర్వాతి షిఫ్టు నాది. షిఫ్టు మారేటప్పుడు నేను వెళ్లి ఆయన చాపిన అరచేతిలో చెయ్యి వేస్తే తప్ప కదిలేవాడు కాదు. పంపు ఆగితే లోపలివాళ్లు మునుగుతారు.

భార్యకు ఆపరేషన్ ఉన్న రోజు కూడా డ్యూటీకి వచ్చాడు, నేను వేళకు వస్తే ఆపరేషన్‌కు ముందే వెళ్లి ఆమెను చూడొచ్చని. బి.ఏ. చదివినవాణ్ణి కనుక లోకం సంగతులన్నీ తెలియాలని నేను రేడియో వదల్లేక గంట ఆలస్యంగా దిగాను.

"ఒలింపిక్స్ ఈత రిలే విన్న కాకా," అన్నాను. "ముందటోడు గోడ ముట్టకముందే ఎనకటోడు దుంకితే జట్టంత ఔటట."

"నీకు గా ఫికర్ లేదు తియ్, బిడ్డా," అని, అరచేతిలో నేను చెయ్యి వెయ్యగానే దవాఖానకు ఉరికాడు.

అప్పటికే ఆమెను లోపలికి తీసుకుపోయారు. ఆమె మళ్లీ కళ్లు తెరవలేదు.

దినాలయ్యాక డ్యూటీకి వచ్చిన కాక, షిఫ్టు చివర ఎప్పటిలాగే అరచెయ్యి చాపాడు. నేను అరగంట ముందే వచ్చి నిలబడి ఉన్నాను.