బలం గోలికి మరో పేరు

మా చిన్నమ్మ రోజూ అన్నం తిన్నాక ఒక గోలి వేసుకునేది. ఇంట్లో దాని పేరు బలం గోలి. ఆ పేరు పెట్టింది కూడా చిన్నమ్మే. "ఏందే అది, రోజు మింగుతవు?" అని అమ్మమ్మ ఒకసారి అడిగితే, చేతిలో ఉన్న చీర కుచ్చు ముడి వదలకుండానే "బలానికమ్మా" అంది. చిన్నమ్మ గద్వాలలో అమ్మమ్మతోనే ఉంటూ దుకాణాల చీరలకు కుచ్చులు వేస్తుంది. ఆ ఇంట్లో ఆ మాట అలా స్థిరపడిపోయింది.

అది హెచ్‌ఐవి మందు అని తెలిసింది చిన్నమ్మకూ నాకూ మాత్రమే. చిన్నాయన చనిపోయాక ఆమెకు పరీక్షలు చేస్తే ఆ సంగతి బయటపడింది. లివర్‌ను పాడుచేసే హెపటైటిస్ బి కూడా ఉందని అప్పుడే చెప్పారు. మొదటి పేరు విన్న భయంలో రెండో పేరు ఆమె చెవికి ఎక్కలేదు. గద్వాల దవాఖానలో తెలిసినవాళ్లు చూస్తారని మందులు వనపర్తిలో తెచ్చుకునేది. నేను నాగర్‌కర్నూల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. మందుల రోజున ఆమె అటు నుంచి, నేను ఇటు నుంచి బస్సెక్కి వనపర్తి బస్టాండులో కలుసుకునేవాళ్లం. ఆమె లోపలికి వెళ్తే నేను వరండాలో పుస్తకం తెరిచేదాన్ని. పుస్తకం చదువుతున్న అమ్మాయిని ఎవరూ పలకరించరు. పలకరింపులంటే భయపడే నాకు ఆ వరండా బాగానే ఉండేది. చాలా నవలలు అక్కడే పూర్తి చేశాను.

మొన్నటి ఎండాకాలం పెళ్లిళ్ల చీరలు ఎక్కువై చిన్నమ్మ నీరసపడింది. పక్కింటి అవ్వ గోడ మీది నుంచి చూసి, కళ్లు పచ్చగా ఉన్నాయంది. అప్పుడు కామెర్లు లేవనే నా నమ్మకం. అమ్మమ్మ మాత్రం ఆగలేదు. మల్దకల్ వైపు ఒక ఊళ్లో కామెర్లకు ఆకుపసరు పోసే పెద్దమనిషి దగ్గరికి తీసుకెళ్లింది. మా చుట్టాల్లో సగం మంది ఆయన పసరు తాగినవాళ్లే. ఆయన మండలం పథ్యం, అంటే నలభై రోజులు, చెప్పాడు. ఉప్పు, నూనె, పులుపు కూడదు. వేరే ఏ మందూ కడుపులో పడకూడదు.

పథ్యం దగ్గర అమ్మమ్మ ఎవరి మాటా వినదు. "బలం గోలే గద, ఆగితే ఏమైతది? బలం ఎనకనన్న వస్తది" అంది. కాదనాలంటే ఆ గోలి నిజంగా దేనికో చెప్పాలి. చిన్నమ్మ చెప్పలేక ఆపేసింది. పథ్యం ముగిసింది. ఒంట్లో బాగానే ఉందనిపించి మళ్లీ మొదలుపెట్టడం వాయిదా వేసింది. మందులు కొన్ని నెలలకు సరిపడా ఒకేసారి ఇస్తారు కాబట్టి వనపర్తిలో కలిసే పని కూడా రాలేదు.

వానలు మొదలయ్యాక ఫోన్ చేసింది.

"బిడ్డా, ఈసారి నిజంగనే కండ్లు పచ్చగైనయి. అద్దంల నేనే చూసుకున్న. అన్నం వాసనకే కడుపుల తిప్పుతుంది. అమ్మ ఐతారం మళ్ల పసరు కాడికి పోదామంటుంది."

"గోలి ఏసుకుంటున్నవా?"

"పథ్యంల బంద్ జేసిన. మళ్ల ఏసుకోలే."

"రేపు పొద్దుగాల వనపర్తికి రా. నేను బస్టాండ్ల ఉంట."

ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే అడుగుతున్నట్టు చెప్పడం నా అలవాటు. ఆ రోజు మాత్రం అడగలేదు, చెప్పాను.

డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి ఒక్కటే అడిగింది, మందు ఆపారా అని. చిన్నమ్మ తలూపింది.

"ఈ ఒక్క గోలిల మూడు మందులున్నయమ్మా. వాటిల రెండు మీ లివర్‌లో ఉన్న వైరస్‌ను కూడా పండబెడుతున్నయి. మీరు గోలి ఆపిన్రు, అది లేచి కూసుంది. ఇంక ఆలస్యం చేస్తే లివర్ మన మాట వినదు."

ఆ రోజే మందు మళ్లీ మొదలుపెట్టి, ఆడవాళ్ల వార్డులో మంచం ఇచ్చారు. ఇంట్లోవాళ్లు కూడా హెపటైటిస్ బి పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవాలని డాక్టరమ్మ నాకు చెప్పింది.

కబురు తెలిసి మర్నాడు అమ్మమ్మ వచ్చింది, తడిగుడ్డ చుట్టిన సీసాలో పసరుతో. గ్లూకోజు సీసా వైపు ఒకసారి, పక్క మంచాల వైపు ఒకసారి చూసి గొంతు పెంచింది.

"కామెర్లు సూదులతోని పోతయానే? ఇది తాగు. ఈ గోలీలు గీలీలు అన్నీ బంద్ జెయ్."

చిన్నమ్మ నా వైపు చూసింది. హెచ్‌ఐవి మాట బయటికి రావడం కన్నా పసరు తాగడమే నయమనుకునే మనిషి ఆమె. చెయ్యి సీసా వైపు కదలడం నాకు కనిపించింది.

నేను నలుగురిలో మాట్లాడే ముందు మనసులో వాక్యం రాసుకుంటాను. ఆ రోజూ రాసుకున్నాను. అందులో అబద్ధం ఉండకూడదు, ఆ ఒక్క మాటా ఉండకూడదు.

"అమ్మమ్మా, చిన్నమ్మ కామెర్లకు మందు ఎప్పటిసందో ఏసుకుంటుంది."

"ఏ మందే?"

"నువ్వు బలం గోలి అంటవు గద, అదే. లివర్ల కామెర్లు పుట్టించే పురుగుంది. ఆ గోలి దాన్ని లేవనియ్యది. పథ్యంల గోలి ఆపినం, పురుగు లేచింది."

"మరి బలానికని ఎందుకు చెప్పినవే?" ఈ ప్రశ్న కూతురికి.

"నువ్వు పరేషాన్ అయితవని" అంది చిన్నమ్మ. అదీ నిజమే.

అమ్మమ్మ మంచం అంచున కూర్చుంది. పథ్యం చెప్పని డాక్టరును ఆమె నమ్మదు. "దీనికి పథ్యం ఏందంట?" అని అడిగింది.

"ఒక్క దినం గూడ తప్పొద్దు. అదే పథ్యం."

"మండలమా?"

"బతికినన్ని దినాలు."

"ఉప్పు?"

"తినొచ్చు."

"ఉప్పు తినొచ్చునంట, గోలి తప్పొద్దంట. గిదేం పథ్యమో నాకు తెల్వదు" అంటూనే సీసాను సంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మ వార్డులోకి రాగానే లేచి ఎదురెళ్లింది. "ఏమ్మా, ఇది కామెర్ల గోలేనా?"

డాక్టరమ్మ నన్నొకసారి చూసింది. "అవునవ్వా. లివర్‌ను కాపాడేది అదే. ఆపితే ప్రాణం మీదికొస్తది."

చిన్నమ్మ కళ్లు తెల్లబడడానికి సమయం పట్టింది. కానీ తెల్లబడ్డాయి. ఇప్పుడు పరీక్ష కాగితం చూసినప్పుడు డాక్టరమ్మ నుదురు ముడిపడడం లేదు. అమ్మమ్మా నేనూ టీకా వేయించుకున్నాం. సూది నొప్పికి నేనే ఎక్కువ గొణిగానని అమ్మమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

ఇంతకుముందు ఆ గోలీల డబ్బా పట్టుదారాల సంచి అడుగున ఉండేది. ఇప్పుడు పొయ్యి పక్కన, ఉప్పు డబ్బాను ఆనుకుని ఉంటుంది. అక్కడికి మార్చింది అమ్మమ్మే. తిన్న పళ్లెం తీయకముందే వాకిట్లోంచి కేకేస్తుంది.

"కామెర్ల గోలి ఏసుకున్నవానే?"

మొదట్లో ఆ కేకకు చిన్నమ్మ చేతులు ఆగిపోయేవి. "మెల్లగనమ్మా" అనేది. "మెల్లగెందుకే, దొంగతనం చేసి తెచ్చినవా?" అనేది అమ్మమ్మ.

పోయిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అమ్మమ్మ కేక విని పక్కింటి అవ్వ గోడ మీది నుంచి తల పెట్టింది.

"కామెర్లు పోయె గద, ఇంకా ఏం గోలే?"

చిన్నమ్మ తల ఎత్తలేదు, చేతిలో కుచ్చు ముడి వదలలేదు.

"లివర్‌కు అవ్వా. బతికినన్ని దినాలు ఏసుకోవాలె."

"ముడి ఎనక ఏద్దువు, నీళ్లు దెచ్చుకో ముందు" అంది అమ్మమ్మ.