సుశీల మేడం లక్క పూత

మా లేబొరేటరీలో లక్కను స్పిరిట్‌లో కరిగించినప్పుడల్లా ఆ ఘాటు వాసనకు నాకు కాలు నిలవదు. కొత్తరకం ఎలక్ట్రానిక్ పరికరాలకు కరెంటు పారని పొరలు తయారు చేయడం నా పని. దానికి ఓనమాలు నేర్పింది నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన సుశీల మేడం.

ఎనభైలలో నేను ఆమె దగ్గర డిమాన్‌స్ట్రేటర్‌ని. మేడం పగిలిన పింగాణీని మెత్తగా నూరి, లక్కలో కలిపి నాతో రాగితీగలకు పూయించేవారు. "లక్క పట్టుకుంటుంది, పింగాణీ వేడికి ఓర్చుకుంటుంది. మన రైతుల మోటార్లు ఊరికే కాలిపోవు" అనేవారు. పూసిన తీగ ముక్కలను నీళ్లలో నానబెట్టి, కరెంటును ఆపుతున్నాయో లేదో రాయడం నా వంతు. పదింటిలో ఒకటి ఆపలేకపోయింది. నేనే సరిగా పూయలేదనుకుని దాన్ని పారేసి, మిగతా తొమ్మిదింటి ఫలితమే రాశాను. నా నోటుబుక్కును నమ్మి మేడం ఆ పూతను మోటార్లు చుట్టే మస్తాన్‌కు ఇచ్చారు. అతను కారంపూడి రైతు మోటారుకు వాడాడు. ఆ సంగతి నాకు తెలిసింది. మర్నాడు స్టాఫ్ రూమ్ గుమ్మంలోనే మేడంకు పారేసిన ముక్క గురించి చెప్పేశాను. ఆమె తిట్టలేదు. "మస్తాన్‌ను పిలువు. బస్సుకు పోదాం" అన్నారు. దారిలో బస్సు ఆగినప్పుడల్లా నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను.

మేం చేరేసరికి రైతు స్విచ్చి మీద చెయ్యి వేశాడు. అతని భార్య కోటమ్మ తడికాళ్లతో మోటారు పక్కనే నిలబడి ఉంది.

"ఆపండి! మోటారును ముట్టుకోవద్దు!" మేడం అరిచారు.

"ఏందమ్మా, నిన్న బాగానే ఆడిందిగా?" అన్నాడు రైతు.

మస్తాన్ ఫ్యూజు పీకి, మీటరు పెట్టి చూశాడు. మేడం వైపు తిరిగాడు. "తీగ చుట్టలో నుంచి మోటారు బాడీకి కరెంటు దారి పడింది మేడం. చానా ప్రమాదం."

మేడం చేతులు జోడించారు. "తప్పు నాదయ్యా. మళ్లీ చుట్టించి ఇస్తాను."

నా పేరు ఎత్తలేదు. అది భరించలేక, "దాచింది నేనక్కా" అన్నాను కోటమ్మతో.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "చదువుకున్నదానివి, నోరెందుకు మూసుకున్నావే?"

తిరుగు బస్సులో మేడం ఒక్కటే అడిగారు. "ఆ ముక్క ఏదీ?"

"పారేశాను."

"మనం చూడాల్సింది అదొక్కటే."

అలాంటి ముక్క మళ్లీ దొరకాలని నెలల తరబడి తీగలు పూశాం. చివరికి దొరికింది. పింగాణీ పొడి గడ్డకట్టినచోట సన్నటి సందు ఏర్పడి, అందులోకి నీరు దూరింది. ఆ రోజు మేడం పసిపిల్లలా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు నా విద్యార్థులు అన్నీ బాగున్నాయని పట్టిక తెస్తే కుర్చీలో కుదురుగా కూర్చోలేను. "ఆపలేకపోయినవి ఎక్కడ?" అని అడుగుతూ వాళ్ల చెత్తబుట్ట దాకా వెళ్తాను.