అవ్వ పాడగలిగిన పాట

మా చిన్నప్పుడు... జమ్మలమడుగులో మా వీధి పిల్లలందరికీ మా ఇంట్లోని ఎర్ర గిటారు ఒక వింత. కరెంటుతో పలికే గిటారు మరి!

మా చిన్నాయన ప్రొద్దుటూరులో పెళ్లిళ్ల బ్యాండులో దాన్ని వాయించేవాడు. బ్యాండు మూతపడ్డాక గిటారును ఒళ్లో, నల్లటి స్పీకరు పెట్టెను కాళ్ల మధ్య పెట్టుకుని బస్సెక్కి మా ఇంటికి వచ్చేశాడు. నాకప్పుడు ఎనిమిదో తరగతి. నేర్పమని వెంటపడ్డాను.

"నేర్పుతాలే పాపా. పాట నువ్వే ఎంచుకో. అయితే ఒకటి... పట్టుకున్న పాట వచ్చేదాకా ఇంకోదాని జోలికి పోగూడదు" అన్నాడు.

నేను క్షణం కూడా ఆలోచించలేదు. ఆ ఏడు ప్రతి టీ అంగడిలో మోగుతున్న సినిమా పాట, హీరో దుమ్ము రేపుకుంటూ వచ్చేది... అదే కావాలన్నాను. స్కూలు వార్షికోత్సవంలో వాయిస్తే అందరూ నోళ్లు తెరుచుకుని చూడాలని నా ఆశ.

రెండు నెలలు... వేళ్ల కొసలు బొబ్బలెక్కాయి. జోరందుకునే చోటికి వచ్చేసరికి వేళ్లు ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేవి. ఏడుపొచ్చేది. చిన్నాయన మాత్రం ఒక్కసారీ కసురుకోలేదు.

"పాట మంచిదేలే. నీ వేళ్లకే ఇంకా పెద్దదిగా ఉండాది" అనేవాడు.

ఇక్కడ మా అవ్వ గురించి చెప్పాలి. నాయనకూ చిన్నాయనకూ అమ్మ. ఒకప్పుడు మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. తర్వాత చెవులు దెబ్బతిన్నాయి. అందరూ ఒక వరుస ముగించేసరికి అవ్వ ఇంకా సగంలో ఉండేది. అందరి గొంతులూ ఆగాక ఆమె గొంతు ఒక్కటే మిగిలేది... పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు.

ఒక ఆదివారం నేను ఆమె కొంగు పట్టి లాగాను.

"ఊరకుండవ్వా, అందరూ నవ్వుతాండారు!"

ఆ తర్వాతి ఆదివారం నుంచి అవ్వ చర్చికి వచ్చేది, పుస్తకం తెరిచేది... పెదవులు మాత్రం కదిలేవి కావు. నాకు హమ్మయ్య అనిపించింది. ఇప్పుడు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

ఒక సాయంత్రం నేను వాయిస్తుంటే అవ్వ పక్కన కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. లేవబోతూ ఆసరా కోసం స్పీకరు పెట్టె మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తియ్యలేదు.

"రేయ్, ఈ పెట్టె వణకతాండాది!" అంది చిన్నాయనతో. తర్వాత నా వైపు తిరిగి, "మళ్లా గొట్టు పాపా" అంది.

కొట్టాను. మళ్లీ కొట్టాను... అవ్వ కళ్లు మూసుకుని, ఏదో పాత కీర్తన సన్నగా ఎత్తుకుంది. ఎన్నాళ్లకో!

"ఆపొద్దు. ఆమె యాడికి పోతే నువ్వూ ఆడికే పో" అన్నాడు చిన్నాయన గబగబా.

నాకు చేతకాలేదు. అవ్వ ఒక చరణం పాడి, కళ్లు తెరిచి, చేట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

"చిన్నాయనా... నా పాట మార్చుకోవచ్చునా?" అని అడిగాను.

"ఏం పాట?"

"అవ్వ పాడేది."

చిన్నాయన గుడ్డ తీసి తీగలు తుడిచాడు. "దాంట్లో ఉండేవి మూడే పట్లు, వేళ్లు మూడు తీర్ల పెడితే సాలు. అయితే నిదానంగా వాయించాల. నిదానం శానా కష్టం పాపా" అన్నాడు.

నిజమే. హీరో పాటకు లేని వేగం ఈ పాటకు నా వేళ్లలోకి వచ్చేసేది. నేను తొందరపడితే అవ్వ పెట్టె మీది చెయ్యి తీసి నా మోకాలి మీద తట్టేది. "ఉరకొద్దు... ఉరకొద్దు." అలా మూడు వారాలు.

కోత పండుగ ఆదివారం. చర్చి ముందు భాగమంతా జొన్న కంకులు, గుమ్మడికాయలు, శెనగ గంపలు. గిటారు ఒళ్లో పెట్టుకుని నేను, పెట్టె పక్కన కుర్చీలో అవ్వ... అరచెయ్యి పెట్టె మీద. మొదటి చరణంలో ఒక్క మాట కూడా వెనకబడలేదు.

రెండో చరణం మధ్యలో కరెంటు పోయింది.

గిటారు మూగబోయింది... దగ్గర చెవి పెడితే దోమ పాటంత వినిపిస్తుంది, అంతే. నా చేతులు ఆగిపోబోయాయి. అవ్వ చెయ్యి మాత్రం పెట్టె మీద ఒకసారి వెతుక్కుని, నా ఒళ్లోని గిటారు చెక్క మీదికి వచ్చి ఆగింది. అక్కడ కొంచెం వణుకు ఉంది కదా... అది చాలింది ఆమెకు. పాడుతూనే ఉంది.

నేను బలమంతా పెట్టి తీగలు కొట్టాను. ఫ్యాన్లు ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో ఆమె గొంతు ఒక్కటే. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు కలిసింది, ఇంకొకటి, ఇంకొకటి... ప్రతి వరుస చివరా చర్చి అంతా ఆగి, అవ్వ వచ్చాకే ముందుకు కదిలింది.

ఇంటికి నడిచేటప్పుడు ఆమె చెవి దగ్గర అన్నాను... "అవ్వా, ఆ పొద్దు ఊరకుండమన్యా కదా... తప్పయిపాయ."

"ఏంది?"

అరిచి చెప్పాను. వీధిలో అందరూ తిరిగి చూశారు. అవ్వ నవ్వింది.

"ఆ పొద్దు నువ్వు మెల్లగానే అన్యావు పాపా... నాకు ఇనపడింది. ఇది గూడా ఇనపడిందిలే, ఇంటికి పా."

తర్వాత అవ్వ నాలుగేళ్లు ఉంది. ప్రతి ఆదివారం పాడింది. హీరో పాట మాత్రం నాకు ఇప్పటికీ రాదు.

ఇప్పుడు మా అమ్మాయి గిటారు నేర్చుకుంటోంది. ఏ పాటకు ఏ వేలు ఎక్కడ పెట్టాలో ఫోనే చూపిస్తుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది కాబట్టి మాకు తీగల టిక్కు టిక్కు తప్ప ఏమీ వినిపించదు. ఇరవై పాటలు వచ్చాయట... నేను ఒక్కటీ వినలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో ఒకరు పాట నేర్చుకుంటే మిగతావాళ్లందరికీ వద్దన్నా వచ్చేసేది. మీ ఇంట్లో ఎవరో సాధన చేస్తుంటే విని విని మీకూ వచ్చేసిన పాట ఉందా? పాట పేరు లేకపోయినా ఫరవాలేదు... అది నేర్చుకున్న మనిషి గురించి రెండు మాటలు రాయండి.