మూడు ఎర్ర చుక్కలు, ఒక డీజిల్ బండి

ఆ రోజుల్లో భయాలు కూడా ఇంటికొక రకంగా ఉండేవి. మా పుట్టింట్లో పరీక్షలంటే భయం, పాలు విరిగిపోతాయంటే భయం. మద్రాసు జార్జి టౌనులో మిరపకాయల హోల్‌సేలు వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా వచ్చాక నన్ను పట్టుకున్న భయం మాత్రం ఒక డీజిల్ ఇంజను. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. నవ్వనీండి, నేనూ నవ్వుతాను. కానీ ఆ బండి స్టార్టు చేసిన ప్రతిసారీ నా అరచేతులు తడిసి స్టీరింగు జారిపోయేదన్నది అబద్ధం కాదు.

నిజానికి అది పుట్టుకతో పెట్రోలు కారే. పెట్రోలు పోయించి పోయించి విసిగిన మా మామగారు ఒకనాడు దాని ఇంజను ఊడదీయించి, చిన్న డీజిల్ ఇంజను పెట్టించారు (అప్పట్లో ఊళ్ళో చాలామంది వ్యాపారులు చేసిన పనే). అప్పటినుంచి ఆ కారు నిలబడి ఉన్నా మలేరియా వచ్చినట్టు వణికేది. వీధి మొదట్లో దాని చప్పుడు వినగానే మా అత్తగారు లేచి ఆకు వేసేవారు. మామగారు చెప్పులు విప్పి కాళ్ళు కడుక్కునేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉండేది. ఆ చప్పుడు వల్ల ఇంట్లో ఎవరికైనా మేలు జరిగిందంటే అదొక్కటే.

ఇంజను మార్చిన మేస్త్రి రాయపురం మనిషి. చెవిమీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది, అది వెలిగించగా నేను చూడలేదు. ఇంట్లో డ్రైవరు కాక లైసెన్సున్నది నాకొక్కదానికే (మాధవరం పాల కాలనీలో ఖాళీ రోడ్ల మీద మా నాన్న పాత పెట్రోలు జీపుతో నేర్పారు, మా ఆయన రెండు రోజులు నేర్చుకుని, తనకి సైకిలే క్షేమమని తేల్చారు). ఆ సంగతి తెలిసి మేస్త్రి నన్ను పిలిచి, స్పీడు మీటరు అద్దం మీద ఎర్ర పెయింటుతో మూడు చుక్కలు పెట్టాడు. మొదటిది ఒకటో గేరుకి, రెండోది రెండో గేరుకి, మూడోది మూడో గేరుకి. ఏ గేరులో ఉంటే ఆ చుక్క దగ్గరికి ముల్లు రాగానే పై గేరు వేసెయ్యాలి.

"పెట్రోలు బండి తొక్కేకొద్దీ బలం చూపిస్తాదమ్మా," అన్నాడు. "దీనికి బలమంతా నడుమనే. కింద గొణిగితే గేరు దించు, పైన గొంతు చించుకుంటే గేరు పెంచు. చుక్క దాటినావనుకో, రాడ్డు ఇంజన్ని చీల్చుకోని బయటికొచ్చి నీకు దణ్ణం పెడతాది."

ఎంత చక్కగా చెప్పాడో ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు నా చెవికెక్కింది ఆ చివరి దణ్ణం ఒక్కటే. ఆ తర్వాత మామగారిని పక్కన పెట్టుకుని రెండుసార్లు హార్బరు రోడ్డు మీద నడిపాను గానీ, ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను మామగారి కనుబొమల మీద. మీటరు చూడటానికి మూడో కన్ను లేకపోయింది.

ఇదిలా ఉండగా మా ఆడపడుచుకి ఊరికి ఉత్తరపు కొసన ఉన్న మనలిలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ నుంచి ఇంటర్వ్యూ కాగితం వచ్చింది. కెమిస్ట్రీ చదివింది, లాబులో మందులు కొలిచే గాజు గొట్టంలా సన్నగా పొడుగ్గా ఉంటుంది గనక ఇంట్లో దాన్ని పిప్పెట్టు అని పిలిచేవాళ్ళం. మా ఇంట ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళడం అదే మొదలు. మామగారు వారం రోజులు మాట్లాడకుండా ఉండి, చివరికి సరేనన్నారు. అయితే ఈ ఒక్కసారికే, రాకపోతే మళ్ళీ ఉద్యోగం ఊసెత్తకూడదని షరతు పెట్టారు. అది ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఆ గంతు వెనక ఎంత గుబులుందో రాత్రిళ్ళు నా పక్కన కూర్చుని చదువుకునేటప్పుడు అది కాళ్ళు ఆడించడం చూస్తే తెలిసేది.

తీరా ఆ రోజు వచ్చేసరికి మామగారూ మా ఆయనా సరుకు కోసం గుంటూరు వెళ్ళారు, డ్రైవరుకి కామెర్లు, సిటీ బస్సుల సమ్మె. ఆటోవాళ్ళు మనలి అనగానే మీటరు మీద గుడ్డ కప్పేశారు. ఇంటర్వ్యూ పది గంటలకి. ఎనిమిదిన్నరకి పిప్పెట్టు చీర కట్టుకుని ఫైలు గుండెకి ఆనించుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో. అత్తగారు ఇద్దరు ఆడపిల్లల్ని ఒంటరిగా పంపనని (పెళ్ళయిన నేనూ వారి దృష్టిలో ఆడపిల్లనే) వెనక సీట్లో ఎక్కి కూర్చున్నారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. వాటిని తొక్కించడం వరకు నేను బాగానే నడిపాను.

వారం కిందటే ఆయుధ పూజ అయింది. బండికి ముందూ వెనకా, స్టీరింగుకి, గేరు రాడ్డుకి చందనం, కుంకుమ ఇంకా చెక్కుచెదరలేదు. నా కళ్ళు మాత్రం మీటరు అద్దం మీది మూడు ఎర్ర చుక్కల మీదే. మొదటిది పది దగ్గర, రెండోది ఇరవై, మూడోది ముప్పై. మేస్త్రికి ఇంత చక్కని లెక్క వచ్చా అని ముచ్చట పడ్డాను కూడా. పదికి రాగానే రెండో గేరు, ఇరవైకి మూడో గేరు, ముప్పైకి నాలుగు. బండి ముక్కుతూ, మూలుగుతూ, దడదడమంటూ పోతోంది. తోపుడుబళ్ళ వాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళి వెనక్కి తిరిగి చూస్తున్నారు. చప్పుడు కొంచెం పెరిగితే చాలు, రాడ్డు బయటికొచ్చి దణ్ణం పెట్టడం కళ్ళకి కట్టేది. వెంటనే పై గేరు వేసేసేదాన్ని. పిప్పెట్టు మాటిమాటికీ చేతి గడియారం చూసుకుంటోంది. నేను చూడొద్దన్నాను, చూస్తే టైము ఇంకా తొందరగా పోతుందని (భయంలో సైన్సు అలాగే ఉంటుంది).

దారిలో రైలు పట్టాల మీది బేసిన్ బ్రిడ్జి ఎక్కాలి. ఎక్కడం మొదలుపెట్టాం. ముల్లు పదికి రాగానే రెండో గేరు వేశాను. బండి నాలుగు గజాలు గొణిగి, ఒళ్ళంతా వణికి, ఆగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి మళ్ళీ స్టార్టు చేశాను. ఒకటో గేరు, పది, రెండో గేరు, మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగినప్పుడు జానెడు వెనక్కి కూడా జారింది. వెనక ఒక లారీ. దాని హారను నా వీపులోంచి వినబడింది. కింద రైలు పట్టాలు, వెనక లారీ, ముందు ఎత్తు, పక్కన ఏడుపు మింగుతున్న పిల్ల. ఇంజను పగిలితే మామగారికి ఏం చెప్పాలన్న భయం ఒకవైపు, ఈ పిల్ల బతుకు ఈ వంతెన మీదే ఆగిపోతుందన్న భయం మరోవైపు. రెండింట్లో ఏది పెద్దదో తేల్చుకోలేక కళ్ళు మూసుకున్నాను.

"వదినా, ఒకటో గేరులోనే పోనీ. కొంచెంసేపు అరిస్తే అరవనీ," అంది పిప్పెట్టు.

చుక్క దాటితే ఇంజను పోతుందన్నాను. మేస్త్రి పెట్టిన చుక్క, నేను దాటలేనన్నాను. నా గొంతు నాకే కీచుగా వినబడింది.

అప్పటిదాకా నామాలు జపిస్తున్న అత్తగారు జపం ఆపేశారు. చాలా చిన్న గొంతుతో, "ఆ చుక్కలు మేస్త్రివి కాదమ్మా," అన్నారు. "పూజనాడు కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ఆ మేస్త్రి పెట్టిన బొట్లు చెరిగిపోయినాయి. బొట్టు చెరిపితే అరిష్టం కదా. అందుకే నూనెలో కుంకం కలిపి నేనే మళ్ళా పెట్టినా. యాడుండినాయో గుర్తు లేదు. అందంగా ఉంటాదని సమంగా పెట్టినా."

వంతెన మీద ఆ క్షణాన మా ముగ్గురిలో ఎవరమూ నవ్వలేదని మనవి చేసుకుంటున్నాను. లారీ మాత్రం హారను కొట్టింది. నేను ముల్లు చూడటం మానేశాను. చుక్కలు లేకపోయాక మిగిలింది మేస్త్రి మాటలొక్కటే, వాటిల్లో దణ్ణం తీసేస్తే మిగిలింది చప్పుడు వినే చెవి. ఒకటో గేరు వేసి, పళ్ళు బిగించి తొక్కాను. ముల్లు అత్తగారి బొట్టు మీదుగా దాటింది. రాడ్డు రాలేదు. గొణుగుడు కాస్తా మొదట గట్టి మాటగా, ఆ తర్వాత నిబ్బరమైన మాటగా మారి, ఎవరో వెనక నుంచి అరచేత్తో తోసినట్టు బండి ఎత్తు ఎక్కేసింది. ఆ నడుమ బలం అంటే ఏమిటో నాకు పుస్తకాలు చెప్పలేదు, నా నడుముకే తెలిసింది.

వంతెన దిగాక నాకు పొగరెక్కింది. ఆలస్యమైందని రెండో గేరులోనే అదిమి తొక్కాను. ఇంజను గొంతు చించుకుంది, వెనక నల్లటి పొగ లేచింది, స్పీడు మాత్రం అంగుళం పెరగలేదు. సైకిలు మీద వస్తున్న పెద్దమనిషి ఒకాయన పొగలోంచి బయటపడి అరవంలో మా వంశాన్ని తలుచుకున్నాడు. అత్తగారు మెల్లగా, "చాలమ్మా, దానికి దాహమేస్తాది," అన్నారు. గేరు పెంచగానే అది ఊపిరి పీల్చుకుని మళ్ళీ లాగింది. కింద గొణుగుడు, పైన అరుపు, నడుమ పని. మేస్త్రి చెప్పిందంతా అరగంటలో అర్థమైంది, ఆ అరగంటలో నేను రెండు కిలోలు తగ్గి ఉంటాను.

ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరేసరికి పదికి నాలుగు నిమిషాలు తక్కువ. పిప్పెట్టు దిగి పరుగెత్తింది. మేమిద్దరం చెట్టు నీడ దొరక్క బండి నీడలోనే కూర్చున్నాం. అత్తగారు నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని, అవి వణకడం ఆగేదాకా పట్టుకున్నారు. కొంతసేపటికి, "ఈ బొట్ల మాట మీ మామకి చెప్పబాక," అన్నారు. వారి చేతులూ వణుకుతున్నాయని నాకు అప్పుడు తెలిసింది. కోడలిగా వచ్చిన రెండేళ్ళలో వారూ ఎవరికైనా భయపడతారని నేను అనుకోలేదు.

ఉద్యోగం వచ్చింది. పిప్పెట్టు ఆ ఫ్యాక్టరీలోనే లాబరేటరీ మొత్తానికి పెద్దయి రిటైరైంది. మామగారు అందరితో తన డీజిల్ బండి పిల్లను ఉద్యోగానికి చేర్చిందని చెప్పుకుని మురిసేవారు. మేం ముగ్గురం ఎంతో వినయంగా తలలూపేవాళ్ళం. మరుసటి ఏడు ఆయుధ పూజనాడు అత్తగారు బండంతా అలంకరించి, మీటరు దగ్గరికి వచ్చి ఆగారు. కుంకుమ భరిణె నా చేతిలో పెట్టి, "నీకు యాడ కావల్నో ఆడ నువ్వే పెట్టుకో," అన్నారు. అద్దం వదిలేసి, పక్కన రేకు మీద ఒకే ఒక్క బొట్టు పెట్టాను.

అత్తగారు ఇప్పుడు లేరు. ఆ భరిణె నా దగ్గరుంది. నా ఇప్పటి కారులో ఇంజను వేగం ఎక్కడ ఆగాలో కంపెనీవాళ్ళే మీటరు మీద ఎర్రగా గీసి ఇచ్చారు. అయినా వంతెన ఎక్కేటప్పుడు నా కాలు ముందు వణుకుతుంది, తర్వాతే తొక్కుతుంది. ఆ బేసిన్ బ్రిడ్జి మీద కళ్ళు మూసుకుని కూర్చున్న ఇరవై నాలుగేళ్ళ కోడలి పక్కన ఒక్క నిమిషం కూర్చుని, ముల్లు చూడకే పిచ్చిదానా, చప్పుడు విను, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా అది వినదు. పాపం, దాని చెవిలో రాడ్డు ఇంకా దణ్ణం పెడుతూనే ఉంటుంది.