మా ఆవిడ జుట్టుకు లోడ్ టెస్ట్

పెళ్లయిన మగాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒక్కసారి లేచి మీ ఇంట్లో తలుపు వెనకాల ఏయే సంచులు వేలాడుతున్నాయో చూసి రండి. వాటిలో ఏముందో మీకు తెలుసనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఆ అనుకోవడం వల్ల మా మరదలి పెళ్లికి ముందు ఇంట్లో ఎంత ప్రళయం వచ్చిందో చెబుతాను, నవ్వుకోండి. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

మేముండేది కూర్మన్నపాలెంలో. నేను పక్కనున్న ఉక్కు ప్లాంటులో కన్వేయర్ బెల్టుల మెయింటెనెన్సు చూస్తాను. మా ఆవిడ సత్యవతికి నడుము దాటే జడ ఉండేది. పాప పుట్టిన కొన్నాళ్లకు ఆ జుట్టు ఊడటం మొదలైంది. ఇది మామూలే, మళ్లీ వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. వచ్చేది ఎప్పుడొస్తుందో గానీ పోయేదంతా మా నేల మీదికే వచ్చింది. నా కంచంలో జుట్టు, పాప పిడికిట్లో జుట్టు, ఉతికి ఆరేసిన చొక్కా గుండీకి జుట్టు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. ఆ జుట్టు ఇల్లంతా పరుచుకుంటే మొగుడి గతేమిటో మాత్రం ఏ సామెతలోనూ లేదు.

చీపురుతో ఊడిస్తే జుట్టు వెళ్లి చీపురుకే జడ వేసేది. పెళ్లిలో ఎవరో చదివించిన వ్యాక్యూమ్ క్లీనర్ తీస్తే, పడవ పంకాకు వల చుట్టుకున్నట్టు దాని బ్రష్షుకు చుట్టుకుని మోటారును ఆపేసేది. సెలవు రోజు నేను నేల మీద బోర్లా పడుకుని, బ్లేడుతో ఆ చిక్కంతా కోసి తీసేవాణ్ణి. నేను తీసిన గుట్టను సత్య అలా చూస్తూ నిలబడేది.

ఒకరోజు అంది, "నా తల నున్నగైపోతందండి. ఈ పిలక జడేసుకుని అందరి ముందూ నిలబడలేను. సెల్లి పెళ్లికి నాను రాను."

తోబుట్టువు పెళ్లికి అక్క వెళ్లకపోవడమేమిటి? రాలిన జుట్టు కంటికి కనబడకపోతే దిగులు సగం తగ్గుతుందని నాకు తోచింది. ఎంత పొడుగు జుట్టయినా మింగి అరిగించుకునే వ్యాక్యూమ్ క్లీనర్ కొని తెస్తానని మనసులో శపథం చేశాను. తెచ్చేదాకా చెప్పకూడదనీ అనుకున్నాను. నా కొంప ముంచింది ఈ రెండోదే.

మాకు ప్లాంటులో ఒక పద్ధతుంది. ఏ యంత్రాన్నీ నిండా బరువేసి నడిపి చూడకుండా ఒప్పుకోం. ఖాళీగా తిరిగితే ప్రతి బెల్టూ బంగారమే. కాబట్టి షాపుకు లోడు కూడా పట్టుకెళ్లాలి. లోడు ఎక్కడుందో నాకు తెలుసు. పాపను చూసుకోవడానికి పద్మనాభం నుంచి వచ్చిన మా అత్తగారు రోజూ సత్య తల దువ్వి, రాలిన జుట్టును వేలికి చుట్టి, తలుపు వెనకాల గుడ్డసంచిలో వేస్తుంది. జుట్టు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే మనిషి మా వీధిలోకి వస్తుంటాడు. ఆ సంచి అతని కోసమే అనుకున్నాను. పోతే ఒక గిన్నె పోతుంది, అంతే కదా!

ద్వారకా నగర్‌లోని షాపులో సేల్స్‌మన్ నేల మీద గుప్పెడు బియ్యప్పిండి చల్లి, మెషిన్ తిప్పి, చూడండి సార్ అన్నాడు. మా ఇంట్లో పిండి రాలదని చెప్పి సంచి విప్పాను. అతను ఒకడుగు వెనక్కి వేశాడు.

"ఇదేటండి బాబూ?"

"లోడు."

మొదటి మెషిన్ నాలుగైదు గుప్పెళ్లు తినగానే బ్రష్షుకు తలపాగా చుట్టుకుని మూలిగి ఆగిపోయింది. లాంగ్ హెయిర్ అని డబ్బా మీద రాసుకోవడానికి సిగ్గుండాలని ఆ మెషిన్ బదులు అతన్ని తిట్టాను. జనం పోగయ్యారు. జనం ఉంటే నాకు ఇంకాస్త తెలివి పెరుగుతుంది. అప్పుడతను లోపలినుంచి మరొకటి తెచ్చాడు. దాని లోపల చిన్న కత్తులుంటాయట, జుట్టును చుట్టుకోనివ్వకుండా ముక్కలు చేస్తాయట. సంచిని బోర్లించాను. అతను కొంచెం సాలదా అని అడిగాడు గానీ, ఫుల్ లోడ్ అంటే ఫుల్ లోడే అన్నాను. అది గుటుక్కున మొత్తం మింగేసింది. నేనే చప్పట్లు కొట్టాను.

ఆ మెషిన్‌నే కొని చంకనెత్తుకుని, ఖాళీ సంచి జేబులో కుక్కుకుని, విజయగర్వంతో ఇంటికొచ్చాను. అత్తగారు తలుపు వెనకాల వెతుకుతోంది.

"సంచేదీ బావూ? సవరాలు కట్టే మనిషొచ్చి కూకుంది."

అప్పుడు తెలిసింది. అది సత్య చిన్నప్పటి నుంచి వాళ్లమ్మ పోగుచేసి, ఊరి నుంచి వెంట తెచ్చిన జుట్టు. పెళ్లిలో పెట్టుకోవడానికి తన జుట్టుతోనే సవరం కట్టిద్దామని తల్లి బతిమాలితే, ముందురోజే సత్య పెళ్లికి వస్తానని ఒప్పుకుందట. వాళ్లూ నాకు చెప్పలేదు, నేనూ వాళ్లకు చెప్పలేదు. మెషిన్‌లో దుమ్ము చేరే డబ్బా విప్పాను. అత్తగారు ఆ పొడిని రెండు వేళ్లతో ఎత్తి చూసింది.

"సవరం మాట దేవుడెరుగు. దీంతో మీసం కూడా రాదు."

సత్య తిట్టినా బాగుండేది. లోపలికెళ్లి పాప పక్కన గోడవైపు తిరిగి పడుకుంది. సవరాల ఆవిడ టీ తాగి వెళ్లిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు అలవాటే. మంచం మీద దొర్లుతుంటే ఆ తలపాగా గుర్తొచ్చింది. నేను తిట్టిపోసిన మొదటి మెషిన్! దానికి కత్తుల్లేవు. చుట్టుకున్న జుట్టు చుట్టుకున్నట్టే ఉంటుంది. తెల్లారాక షాపు షట్టరు ఎత్తేసరికి ముందు నిలబడ్డాను.

"నిన్న ఫెయిలైన మెషిన్ కావాలి బాబూ."

"పనికిరాదని మీరే అన్నారు కదండి."

"దానంత మంచిది లోకంలో లేదు. నిన్న తిట్టినందుకు దాన్నీ నిన్నూ క్షమాపణ అడుగుతున్నాను. బ్లేడు మాత్రం ముట్టించకు."

ఇద్దరం నేల మీద కూర్చుని ఆ బ్రష్షు నుంచి పోగు పోగుగా జుట్టు విప్పాం. ఒక్క వెంట్రుక తెగలేదు. దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి సత్య చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. సేల్స్‌మన్‌కు నేను చెప్పిన క్షమాపణ దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నవ్వు ఆగలేదు. పాప పుట్టాక అంత నవ్వు ఆమె ముఖంలో చూడటం అదే మొదలు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సవరం సన్నదే వచ్చింది. కనకాంబరాలు చుట్టేసరికి నిండుగా కనిపించింది. పెళ్లిరోజు జడ వేస్తూ అత్తగారు సత్య నుదుటి దగ్గర నిక్కబొడుచుకున్న బుల్లి వెంట్రుకలు నాకు చూపించింది. "సూడు బావూ, నారు మొలిసింది." డాక్టరమ్మ చెప్పింది నిజమే. సత్య పందిట్లో తలెత్తుకుని తిరిగింది.

కొత్త మెషిన్ బాగానే పనిచేస్తోంది. కాబట్టి, అత్తగారి ఊరి కొండ పద్మనాభం మెట్ట సాక్షిగా, మా ప్లాంటు కన్వేయర్ బెల్టుల సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ యంత్రానికి లోడ్ టెస్ట్ చేయాల్సి వచ్చినా నా నెత్తి మీద జుట్టుతోనే చేస్తాను. ఇప్పుడు అక్కడ మిగిలినదాన్ని బట్టి చూస్తే, ఏ మెషిన్ అయినా సులువుగా పాసవుతుంది.