లక్ష్మివారం నాటి భోజనం బిల్లు

మా ఆయన చివరిసారి తిన్నది పరమాన్నం, అప్పాలు. నా చేత్తో వండి క్యారేజీలో సర్ది ఇచ్చినవి. ఆ సంగతి నాకు తెలుసు, చికిటిలో ఒక హోటలాయనకి తెలుసు. కాగితం మీద మాత్రం వేరే ఉంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ వంకరటింకరగా. అందుకని నోటితో చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. అన్నది అన్నట్టు రాయమన్నాను. మెత్తగా మార్చొద్దన్నాను.

ఆయన బరంపురంలో ఒక హోల్‌సేల్ కొట్లో పని చేసేవాడు. సబ్బులు, బిస్కట్లు, అగ్గిపెట్టెలు, ఊళ్ళలో చిన్న కొట్లకి వేసే సరుకు. మేం గోసాని నువాగాంలో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళం, ఆయనా, నేనూ, మా అత్తా. పొద్దున్నే మోటారుసైకిలు మీద లైనుకి పోవాలి. ఒకరోజు రామయ్యపట్నం వైపు, ఒకరోజు ఇంకో వైపు. గురువారం, మేం లక్ష్మివారం అంటాం, ఆ రోజు చికిటి. కొట్టుకొట్టుకీ తిరిగి ఆర్డర్లు రాసుకు రావాలి. జీతం కాక, లైనుకి పోయిన రోజున మధ్యాహ్నం భోజనానికి బత్తా నూట ఇరవై రూపాయలు. అది ఊరికే రాదు. హోటలు బిల్లు తెచ్చి ఆ రోజు రిపోర్టు కాగితానికి పిన్ను కొట్టాలి. తిన్నానంటే చాలదు, తిన్నట్టు కాగితం ఉండాలి.

ఒకసారి జేబు చూడకుండా చొక్కా నీళ్ళలో వేశాను. బిల్లు ముద్దయిపోయింది. తిడతాడనుకున్నాను. దండెం మీద చొక్కాని చూసి నవ్వాడు.

"నా బోజనం ఉతికి ఆరేసీనావు. ఇస్త్రీ కూడా సేసీ, సాయంత్రం తింటాను."

దాచడం దేనికి, అన్ని బిల్లులూ నిజం కావు. చికిటి హోటల్లో గల్లా పక్కన ఒక రేకు డబ్బా ఉంటుంది. తిన్నవాళ్ళు పట్టుకెళ్ళని బిల్లులు ఆ హోటలాయన అందులో పడేస్తాడు. లైను తిరిగే మనుషులు కావలసినవి ఏరుకుంటారు. ఆయన కూడా కొన్ని రోజులు నా క్యారేజీ తిని, డబ్బాలో బిల్లు తెచ్చి బత్తా తీసుకునేవాడు. మా గ్యాసు పొయ్యి ఆ డబ్బుతోనే కొన్నాం. కొట్టు ఓనరుకి తెలియదా అంటే, తెలుసు. ఆయనకి కాగితం కావాలి, అంతే.

మార్గశిరం వచ్చింది. మార్గశిర లక్ష్మివారాలంటే మా వైపు ఆడవాళ్ళు ప్రాణం పెట్టి చేస్తారు, ఒడియా వాళ్ళూ చేస్తారు, మేమూ చేస్తాం. చీకటితో లేచి, ఇల్లు అలికినంత శుభ్రం చేసి, బియ్యప్పిండితో గుమ్మం నుంచి పీట దాకా లక్ష్మి పాదాలు వేసి, వారానికో నైవేద్యం. మూడో వారానిది పరమాన్నం, అప్పాలు. ఆ రోజు ఇంట్లోవాళ్ళు బయట మెతుకు ముట్టకూడదు. ప్రసాదం ఇంటి మనిషే తినాలి, బయటివాళ్ళకి పెట్టకూడదు. మా అత్త నాకు అలా నేర్పింది. కొట్లవాళ్ళు కూడా ఆ రోజు గల్లాలోంచి రూపాయి తియ్యరు, ఆర్డరు ఇవ్వరు. అందుకని ఆ వారం లైను మానెయ్యమన్నాను. ఓనరు ఒప్పుకోడన్నాడు. ఆర్డరు రాకపోయినా మనిషి కనపడాలట, లేకపోతే ఇంకో కంపెనీవాడు దూరిపోతాడట.

క్యారేజీ చేతికిచ్చి రెండు మాటలు చెప్పాను. బయట తినొద్దు. ఇది ఎవరికీ పెట్టొద్దు. ఆ రెండు మాటలే నా కొంప ముంచాయి.

మధ్యాహ్నం దాటాక చికిటి అవతల రోడ్డు మీద వెనక నుంచి లారీ కొట్టింది. ఆసుపత్రికి చేరేసరికి లేడు. పోలీసులు ఆయన ఫోను, బ్యాగు, క్యారేజీ ఇచ్చారు. క్యారేజీ మూత తీసి చూశాను. కడిగి ఉంది. ఎక్కడ తిన్నా అక్కడే కుళాయి దగ్గర కడిగి తెచ్చే అలవాటు ఆయనది, ఇంట్లో నాకు పని తగ్గుతుందని. అడుగున ఒక్క మెతుకు ఉన్నా, తిన్నాడనడానికి చాలేది. లేదు.

కర్మ అయిన మూడో రోజు ఓనరు పిలిపించాడు. లైను మనుషులందరి పేర్ల మీదా ఆయన ఇన్సూరెన్సు కడుతున్నాడట. డ్యూటీలో పోతే ఇంటివాళ్ళకి డబ్బు వస్తుంది, సొంత పని మీద పోతే రాదు. ఇన్సూరెన్సు మనిషి ఒడియాలో ఏదో అడిగితే ఓనరు తర్జుమా చేశాడు. ఆ రోజు మా ఆయన డ్యూటీలో ఉన్నట్టు కాగితం కావాలి. ఆర్డరు పుస్తకంలో ఆ రోజు పేజీ తెల్లగా ఉంది. రిపోర్టుకి భోజనం బిల్లు లేదు. అటువైపు మా చుట్టాలున్నారు కదా, వాళ్ళింటికి పోయాడేమోనని ఆ మనిషి అనుమానం.

"ఏ లక్ష్మివారం ఎల్లినా బిల్లు తెచ్చీవోడు సెల్లీ. ఆ రోజే ఏదీ?" అన్నాడు ఓనరు.

క్యారేజీ సంగతి చెప్పాను. ప్రసాదం కట్టి ఇచ్చానని, అదే తిని ఉంటాడని చెప్పాను. మీ ఇంట్లోనూ ఆ రోజు పూజ ఉంది, మీరూ బయట తినలేదు కదా బాబూ అని కూడా అన్నాను. ఆయన కాదనలేదు.

"నాకు తెలుసు సెల్లీ. నాకు తెలిస్తే సాలదు. ఆడికి పరమాన్నం తెల్దు, బిల్లు తెలుసు."

లైను మానొద్దని ఆ ఓనరే పంపాడు. ఆ మాట మాత్రం కాగితం మీద పెట్టి ఇవ్వలేదు. లోపలి నుంచి ఆయన భార్య నాకు టీ పంపింది. తాగలేదు.

చికిటి బస్సెక్కాను. మా ఆయన తిరిగే కొట్లన్నీ తిరిగాను. ఒకాయన పాపం వచ్చాడమ్మా, నమస్కారం పెట్టి పోయాడు అన్నాడు. ఆ మాట రాసి సంతకం పెట్టమంటే, పోలీసు కేసమ్మా, నన్ను లాగకు అన్నాడు. తోటి లైను మనుషులెవరూ ఆయన తినడం చూడలేదు. ఎలా చూస్తారు, ఎవరికీ పెట్టొద్దని చెప్పి పంపింది నేనే కదా. నలుగురి మధ్య డబ్బా విప్పి ఒక్కడే ఎలా తింటాడు, పక్కకి పోయి తిన్నాడు.

చివరికి హోటల్‌కి పోయాను. హోటలాయన నన్ను కూర్చోబెట్టి, అడక్కుండానే రేకు డబ్బా దింపాడు. బిల్లులన్నీ బల్ల మీద పోసి ఒక్కొక్కటే తారీకు చూశాడు. ఆ రోజువి రెండు దొరికాయి. ఒకటి ఐదుగురిది, పనికిరాదు. రెండోది ఒక్కరిది.

"ఇదొక్కటే అమ్మా. సేపల బోజనం, నూట ఇరవై."

"మామూలు బోజనానిది లేదేటి?"

"ఉంటే ఇయ్యనా?"

ఇంట్లో అత్తకి మందుల్లేవు. గది అద్దె బాకీ పడింది. నాకు ఏ పనీ రాదు, వంట తప్ప. ఆ చీటీ తీసుకుని కొంగున ముడేశాను. ఆ తరవాత హోటలాయన నాకు టీ పోస్తూ, మంచిమాట చెబుతున్నాననుకుని చెప్పాడు.

"ఆ రోజు బాబుకీ ఇదే సూపించినానమ్మా. ముందు తిన్నోడు వదిలీసి ఎల్లిపోనాడు, పట్టుకెల్లు, బత్తా వస్తాదన్నాను. సూసి మళ్ళీ డబ్బాలో ఏసీసినాడు. లక్ష్మివారం పూట నా పేరు మీద సేపలొద్దు, ఇంటిది తెల్లారగట్ల తానం సేసి వండింది అన్నాడు. పెరట్లో కూకోని తిన్నాడు."

చేపలంటే మా ఆయనకి ఎంత ఇష్టమో ఆ హోటలుకి తెలుసు, నాకు తెలుసు. ముడి విప్పి ఆ బిల్లు బల్ల మీద పెట్టొచ్చు, కానీ ఇన్సూరెన్సు మనిషికి కావలసింది బిల్లు, హోటలాయన మాట కాదు. విప్పలేదు. టీ తాగి బస్సెక్కాను.

మర్నాడు ఓనరు బిల్లుని వెలుతురులో పెట్టి రెండుసార్లు చదివాడు.

"మరి పరమాన్నం అన్నావు కదా సెల్లీ?"

దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను ఈ మాట అడుగుతాడని. జవాబు కూడా కూడగట్టుకునే వచ్చాను.

"నాను కట్టి ఇచ్చినాను బాబూ. ఆయన తిన్నేదు కావాల. పారబోసీసి ఇది తిన్నాడు."

నోట్లోంచి వచ్చేసింది. పదకొండేళ్ళు నేను పెట్టిన దేన్నీ పారబోయని మనిషి మీద చెప్పాను ఆ మాట. ఓనరు పెదవి విరిచాడు. స్టేప్లరు తీసి బిల్లుని రిపోర్టుకి కొట్టాడు.

"మార్గశిర లక్ష్మివారం, పెసాదం పారబోసి సేపలు తిన్నాడు. మరి అమ్మోరు ఊరుకుంటాదేటి?" అన్నాడు.

తల వంచుకుని చూపించినచోట సంతకం పెట్టాను. మొదటిసారి ప్రసాదం తిన్నాడంటే, తెలిస్తే చాలదన్నాడు. చేపల్ని నమ్మడానికి క్షణం పట్టలేదు. లైనుకి తోలింది లక్ష్మే అన్నట్టు, లారీ తోలింది కూడా ఆవిడే అన్నట్టు మాట్లాడాడు. ఓనరు మీద ఇక ఏ తప్పూ లేదు. అంతా చచ్చినవాడి మీదే.

డబ్బు వచ్చింది. రాకముందే ఆ మాట మా వీధికి వచ్చింది. ఓనరు భార్య పూజలో ఎవరితోనో అందట, అక్కడి నుంచి ఆడవాళ్ళ నోళ్ళలో పడింది. మా ముఖాన ఎవరూ అనలేదు. ఒక సాయంత్రం పక్కింటి గుమ్మంలో చేరినవాళ్ళు, నేను కనపడగానే గొంతు తగ్గించారు. మా అత్త విన్నది. రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పటికి నేను నిజం చెప్పలేదు. ఆవిడకి మాట ఆగదు, వీధిలో నిలబడి అరుస్తుంది, డబ్బు ఆగిపోతుందని భయం. బ్యాంకులో డబ్బు పడిన రోజున పక్కన కూర్చుని అంతా చెప్పాను. డబ్బా సంగతి, ఆయన బిల్లు చూసి వెనక్కి వెయ్యడం, పెరట్లో తినడం, కడిగిన క్యారేజీ.

ఆవిడ ఒక్క అక్షరం చదవలేదు, నాకంటే అధ్వానం. అంతా విని నా వైపు చూసింది.

"నన్ను ఓదారుస్తన్నావేటే. బిల్లుంది కదా."

ఇప్పటికీ అంతే అంటుంది. క్యారేజీ తెచ్చి ఎదురుగా పెట్టినా అంతే. కన్నకొడుకు ఎలాంటివాడో కన్నతల్లికి ఆ చీటీ చెప్పింది, నేను కాదు. అందుకే ఈ కాగితం రాయిస్తున్నాను. మూడో లక్ష్మివారం, చికిటిలో, హోటలు పెరట్లో కూర్చుని మా ఆయన తిన్నది గిన్నెడు పరమాన్నం, ఐదు అప్పాలు. చేపలు తినలేదు. పారబోసింది నేను, ఆయన కాదు. కింద నా సంతకం నేనే పెడతాను.